సున్నాతో కొలిచిన కాలమ్

ఎక్సెల్లో రెండు కాలమ్ హెడ్డింగుల మధ్య గీత మీద డబుల్ క్లిక్ కొడితే, లోపలున్న రాతకి సరిపడా కాలమ్ సర్దుకుంటుంది. అదే ఫైలుని పైథాన్‌తో తయారుచేస్తే మాత్రం సర్దుకోదు. పేర్లు సగంలో తెగుతాయి, పెద్ద అంకెల బదులు #### కనిపిస్తాయి. ఎందుకూ అంటే, కాస్త వెనక్కి వెళ్ళాలి.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 మీద విజికాల్క్ తెచ్చారు. ఆ తెర మీద అక్షరాలన్నిటిదీ, టైపు మిషన్లోలాగా, ఒకటే వెడల్పు. అక్షరాలు లెక్కపెడితే చాలు, వెడల్పు తెలిసిపోయినట్టే. కాలమ్ వెడల్పు మార్చాలంటే షీటు మొత్తానికీ ఒకేసారి మార్చాలి. దేనికది విడిగా మార్చుకునే వీలు 1983 నాటి లోటస్ 1-2-3లో ఉంది.

1985లో మాకింటోష్ మీద ఎక్సెల్ వచ్చింది. ఈ కొత్త తెర మీద ఇంగ్లీషు ‘ఐ’ సన్నం, ‘డబ్ల్యూ’ లావు. కొలమానం మాత్రం పాత వాసన వదల్లేదు. ఎక్సెల్లో మనం చూసే 8.43 అనే వెడల్పు, డిఫాల్టు ఫాంటులో ఎన్ని సున్నాలు పడతాయన్న లెక్కే. కాలిబ్రి 11లో సున్నా 7 పిక్సెళ్ళు. కాలమ్ 64 పిక్సెళ్ళు, అంచులకి 5 తీసేసి 7తో భాగించండి, వస్తుంది.

ఎక్సెల్ 2007తో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలంటే జిప్ చేసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ మూట. అందులో కాలమ్ వెడల్పు ఒట్టి అంకె. ‘తెరవగానే నువ్వే సర్దుకో’ అని చెప్పే ఏర్పాటు లేదు. కొలిచేది ఎక్సెలే, ఫాంటు చేతిలో పెట్టుకుని. పైథాన్ లైబ్రరీలకి ఆ ఫాంటు లేదు. అందుకే చాలామంది ‘లెన్’తో అక్షరాలు లెక్కపెట్టి, దానికి రెండు కలిపి సరిపెడతారు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్ 2023లో ఆటోఫిట్ తెచ్చింది. ఇంగ్లీషు అక్షరాలకి పిక్సెళ్ళ పట్టిక పెట్టి, మిగతా ప్రపంచానికంతటికీ తలా 8 పిక్సెళ్ళు పంచింది!

మన తెలుగు సంగతి చూడండి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, పైథాన్‌కి ఆరు. ఒక్క అక్షరానికి 48 పిక్సెళ్ళ చోటు. ‘ఘ’, ‘ఝ’ లాంటి లావుపాటి వాటికేమో 8 చాలదు.

నా మటుకు నేను, విండోస్‌లో ఎక్సెల్ ఉంటే విన్‌32కామ్ ద్వారా ఆటోఫిట్ దాన్నే చెయ్యమంటాను. లినక్స్ సర్వరైతే పిల్లో లైబ్రరీని రాకమ్‌తో కలిపి, తెలుగు ఫాంటుతో కొలిపిస్తాను. నాలుగు లైన్లు ఎక్కువవుతాయి, అంతే. మనిషి పేరు కాగితం మీద తెగకుండా పడాలంటే ఆ మాత్రం శ్రమ న్యాయమే కదా!