దస్త్రం నుంచి సర్వరు దాకా: ఉత్తర తెలంగాణ భూమి లెక్కల ప్రతులు

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో భూమి లెక్క ఏ కాలంలోనూ ఒకే పుస్తకంలో ఒదగలేదు. సర్వే, బందోబస్తు ముగిశాక తయారైన సేత్వార్ సర్వే నంబరును, విస్తీర్ణాన్ని, శిస్తును చెబుతుంది. పహాణీ ఆ ఏడు భూమి ఎవరి సాగులో ఉందో, ఏ పంట పండిందో చెబుతుంది. వచ్చిన మార్పులు ఫైసల్ పట్టీకి ఎక్కుతాయి. ఒకదాన్ని విడిచి మరొకదాన్ని చదివితే లెక్క తప్పుతుంది. కాగితాల కట్టను దస్త్రం అనే వాడుకలోనే ఈ ఎరుక ఉందనవచ్చు.

1865లో సాలార్‌జంగ్ జిల్లాబందీతో రెవెన్యూ యంత్రాంగం జిల్లా, తాలూకా అంచెలుగా ఏర్పడింది. గ్రామంలో పట్వారీ దస్త్రం, తహశీల్ కచేరీలో మరో దస్త్రం ఉండేవి. ఏటా జమాబందీలో గ్రామ లెక్కలన్నింటినీ ఒక్కసారిగా తనిఖీ చేసేవారు. విడివిడిగా చూస్తే ఒక పుస్తకం నిరుటిది, మరొకటి ఈ ఏటిది అయ్యే ప్రమాదం ఉంది.

నేటి సర్వర్లదీ ఇదే చిక్కు. డేటాబేస్‌లో అసలు సమాచారం ఒక వాల్యూమ్‌లో, మార్పుల చిట్టా మరో వాల్యూమ్‌లో ఉంటాయి. రెండింటినీ వేర్వేరుగా మరో సర్వరుకు నకలు చేస్తే, మొదటి సర్వరు కూలిన క్షణాన చిట్టాకు, సమాచారానికి పొంతన ఉండకపోవచ్చు. అందుకే వాటిని ఒక సమూహంగా కట్టి, రాతలు ఏ వరుసలో పడ్డాయో అదే వరుసలో అవతలికి చేరవేస్తారు. విండోస్ సర్వర్ 2016లోని స్టోరేజ్ రెప్లికా ఈ ఏర్పాటుతోనే వచ్చింది. అయితే సమూహంలో చేర్చని వాల్యూమ్‌ను ఏ యంత్రమూ కాపాడదు. ఏది చేర్చాలన్నది మనుషుల నిర్ణయం.

తెలంగాణ భూచరిత్రలో ఆ నిర్ణయమే కీలకం. 1954-55 నాటి ఖాస్రా పహాణీ పట్టాదారుతో పాటు కాస్తుదారునూ నమోదు చేసింది. హక్కుల వివాదాల్లో నేటికీ దాన్నే మూలంగా చూడటానికి ఇదొక కారణం. ఆదిలాబాద్‌లో ఈ తేడా మరింత పదునైనది. 1940 జోడేఘాట్ ఘటన తరువాత హైమన్‌డార్ఫ్ కృషితో లావణి ఖాస్ నిబంధనల కింద గోండులకు పట్టాలు దక్కాయి. అంతకుముందు తరతరాలుగా దున్నిన భూమికీ వారి పేరున కాగితం లేకపోవడం సాధారణం.

2017 సెప్టెంబర్ 15న మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములు పార్ట్-ఎలోకి, వివాదాస్పదమైనవి పార్ట్-బిలోకి వెళ్లాయి. 2020 అక్టోబర్ 29న ప్రారంభమైన ధరణిలో పట్టాదారు పేరు నిలిచింది గానీ అనుభవదారు కాలమ్ నిలవలేదు. నకలు వేగంగా జరిగింది, దస్త్రంలోంచి ఒక కాగితం మాత్రం బయటే ఉండిపోయింది. కౌలుదారులు, సాదాబైనామాతో కొన్నవారు ఆ కాగితం మీదే ఆధారపడినవారు. ఈ లోపాన్ని సాంకేతిక వైఫల్యంగా వర్ణించడం సరికాదు.

2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి సాదాబైనామా దరఖాస్తుల పరిష్కారానికి చట్టంలో చోటిచ్చింది. వాటిని విచారించే అధికారి తెర మీద కనిపించని అనుభవాన్ని పాత పహాణీల్లోనే వెతుక్కోవాలి.