పొలానికి మొదటి పళ్ల చాకు: కొనే ముందు చూడాల్సినవి

కొడవలికి కక్కు ఎందుకు పెట్టిస్తామో వరి కోసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నున్నటి అంచు గడ్డి మీద జారుతుంది, కక్కు ఉన్న అంచు గడ్డిని పట్టుకుని కోస్తుంది. మడిచి జేబులో పెట్టుకునే పళ్ల చాకూ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. పంటి మొన ముందుగా తాడులోకి దిగుతుంది, పోగులు రెండు పళ్ల మధ్య పల్లంలో చిక్కుకుంటాయి, చాకును వెనక్కి లాగినప్పుడు తెగుతాయి. మొనలు కాస్త అరిగినా పల్లాల్లో పదును మిగిలే ఉంటుంది. అందుకే సాన పట్టకపోయినా పళ్ల చాకు చాలా రోజులు పనికొస్తుంది.

కణేకల్ చుట్టుపక్కల హెచ్‌ఎల్‌సీ కింద వరి ఉంది, మెట్టలో వేరుశనగ ఉంది, బోర్ల కింద చీనీ, కూరగాయలు ఉన్నాయి. ఈ పనులన్నిటిలో రోజంతా చేతికి తగిలేవి నైలాన్ తాళ్లు, పురికొస, గోనె సంచుల కుట్లు, ఎరువు బస్తాల మూతులు, టమాట కట్టే దారాలు. వీటికి పళ్ల అంచుకు మించింది లేదు. అయితే పొలంలో ప్రతి పనికీ అదే పనికిరాదు. డ్రిప్ లేటరల్ పైపును పళ్లతో కోస్తే అంచు చీలికలుగా వస్తుంది, జాయినర్ సరిగా కూర్చోదు, నీరు కారుతుంది. దానికి నున్నటి అంచు కావాలి. అంటు కట్టడానికైతే పళ్ల చాకును దగ్గరికి కూడా రానివ్వకండి. కోత నున్నగా లేకపోతే అంటు అతకదు. చీనీలో ఎండుపుల్లలు తీయడానికి కత్తెరో, చిన్న మడత రంపమో వాడండి. చాకుతో కొమ్మను మెలిపెడితే ఇరుసు వదులవుతుంది.

అందుకని మొదటి చాకుగా సగం పళ్లు, సగం నున్నటి అంచు ఉన్నదే తీసుకోమని మా సలహా. పిడి వైపు పళ్లు, మొన వైపు నున్నగా ఉండాలి. తాడుకు బలం పెట్టేది పిడి దగ్గరే కాబట్టి ఈ అమరిక సరిపోతుంది. ఇంట్లో మంచి నున్నటి చాకు ఇప్పటికే ఉంటే మాత్రం పూర్తి పళ్లది కొనుక్కోవచ్చు.

అలుగు పొడవు మూడు, మూడున్నర అంగుళాలు చాలు. అంతకన్నా పెద్దది జేబులో బరువు, ఇంట్లో వదిలేసి వెళ్తారు. అసలు పని పడినప్పుడు అది దగ్గర ఉండదు.

మొన ఆకారం గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు గానీ పశువులున్న వారికి ఇది ముఖ్యం. సూదిగా పొడుచుకుపోయే మొన వద్దు. వీపు కిందికి వంగి, ముందు భాగం మొద్దుగా ఉన్న అలుగు తీసుకోండి. ఎద్దు గాటి దగ్గర పలుపులో కాలు వేసి పడిపోయిందనుకోండి. మెడకు తాడు బిగుస్తుంది, అది తన్నుకుంటుంది, ముడి విప్పే వీలుండదు. అప్పుడు చాకు పట్టుకుని దాని మెడ పక్కన వంగాలి. సూది మొన ఉంటే ఒక్క విదిలింపుకు ఎద్దుకో మీకో దిగుతుంది. కాళ్ల వైపు కాకుండా వీపు వైపు నిలబడండి. ముందు మెడ దగ్గర కాదు, గుంజకూ మెడకూ మధ్య బిగుతుగా ఉన్న తాడును కోయండి. బిగువున్న తాడు రెండు లాగుళ్లలో తెగుతుంది. జారుముడి అయితే అక్కడితోనే వదులవుతుంది. కాకపోతే తాడుకూ చర్మానికీ మధ్య అలుగు దూర్చి, పళ్లు బయటి వైపు ఉండేలా తిప్పి బయటికి లాగండి. ఈ పనికి ఒక చేత్తో తెరిచే చాకు కావాలి, రెండో చెయ్యి పశువు మీద ఉంటుంది కాబట్టి. అలుగు మీద బొటనవేలు ఆనే గుబ్బ గానీ రంధ్రం గానీ ఉందేమో చూడండి. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు చాకులు వద్దు. ఇసుక పడితే మొండికేస్తాయి, పోలీసుల దగ్గర మాట పడాల్సి వస్తుంది.

ఇసుక మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. వేదవతి ఒడ్డున కణేకల్, బొమ్మనహాళ్ వైపు గాలికి ఇసుక ఎలా లేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అది చాకు ఇరుసులో చేరితే అలుగు తెరుచుకోదు. అంతకన్నా ప్రమాదం, లాకు పూర్తిగా పడదు. పడినట్టే కనిపించి, బలం పెట్టగానే వేళ్ల మీదికి మూసుకుంటుంది. పిడి వెనక భాగం తెరిచి ఉండి, నీళ్లు పోస్తే ఇసుక బయటికి పోయే చాకును ఎంచుకోండి. కడిగి ఆరబెట్టాక ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. వంటనూనె వేస్తే జిగురు కట్టి దుమ్మును మరింత పట్టుకుంటుంది.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. జేబులో మూరెడు పాత నైలాన్ తాడు పెట్టుకుని వెళ్లండి. చాకు తెరిచి అలుగును అటూ ఇటూ కదిలించండి, ఊగితే వద్దు. వేళ్లు అలుగు దారిలో లేకుండా పట్టుకుని, వీపును బల్లకు ఆనించి మెల్లగా నొక్కండి. లాకు వదిలితే ఆ చాకు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. లాకే లేని పాత రకం చాకులు పండ్లు కోసుకోవడానికి బాగుంటాయి, తాడు పనికి కాదు. లాకు ఎంత సులువుగా ఉండవచ్చో చూడాలంటే ఫ్రాన్సు దేశపు ఒపినెల్ చాకు ఉంది. 1890లో పుట్టిన ఈ పల్లె చాకుకు 1955లో ఒక చిన్న ఉంగరం చేర్చారు. తిప్పితే అలుగు బిగుస్తుంది, అంతే. చివరగా తాడు కోసి చూడండి. కోయనివ్వని దుకాణంలో కొనకండి.

ఇనుము రకంలో రెండే మాటలు. మామూలు కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును బాగా తట్టుకుంటుంది. వరి మడిలో దిగేవారికి స్టెయిన్‌లెస్ మేలు. అయితే బోర్డో మిశ్రమంలో సున్నం సరిపోయిందో లేదో చూడటానికి కత్తి ముంచే అలవాటు మనకుంది కదా, దానికి పాత ఇనుప కత్తినే వాడండి. స్టెయిన్‌లెస్ మీద రాగి పూత సరిగా తెలియదు, మంచి చాకును మైలుతుత్తంలో ముంచడం దేనికి?

సాన పట్టడం దగ్గర చాలా చాకులు పాడవుతాయి. చక్రం మీద సాన పట్టేవారికి ఇస్తే పళ్లు అరిగిపోయి నున్నటి చాకు తిరిగొస్తుంది. కొడవలికి ఉలితో కక్కు కొట్టినట్టు కమ్మరి దీనికి కొట్టలేడు, ఉక్కు గట్టిది. పళ్లు సాధారణంగా ఒక వైపే చెక్కి ఉంటాయి. ఆ వైపు నుంచి, ప్రతి పల్లంలో సన్నని గుండ్రటి డైమండ్ ఆకురాయితో నాలుగైదు సార్లు రుద్దండి. లేదంటే సన్నని పుల్లకు నీటిలో వాడే మెత్తటి ఎమెరీ కాగితం చుట్టి రుద్దినా చాలు. రెండో వైపు లేచిన గరుకును మాత్రం తీసేయండి.

చట్టం సంగతి: 1959 ఆయుధాల చట్టం కేవలం వ్యవసాయానికి, ఇంటి పనికి తయారైన వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు. నిబంధనల్లోని కత్తుల కొలత తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండు అంగుళాల వెడల్పు దాటిన వాటి గురించి. మన చిన్న చాకు దానికి చాలా లోపలే ఉంది. అయినా కోర్టుకు, పోలింగు కేంద్రానికి, జాతర గుంపులోకి వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లండి. విమానంలో చేతి సంచిలో అనుమతించరు.

జేబులో చాకు ఉంది కదా అని రెండు పనులు చేయకండి. మోటారు కేబులును దాంతో కోయకండి, కరెంటు పోయిందని అనుకున్నప్పుడు కూడా. పాము కరిచిన చోట కోయకండి. గాటు పెడితే విషం బయటికి రాదు. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది, మీరు పెట్టిన గాటు నుంచే రక్తం ఆగకుండా పోతుంది. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. చాకుతో మీ చెయ్యే తెగితే సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో నొక్కిపెట్టి, టెటనస్ ఇంజెక్షన్ గురించి ఆరోగ్య కేంద్రంలో అడగండి. పళ్ల చాకు గాయం చిరుగులా ఉంటుంది, నున్నటి కోత కన్నా నిదానంగా మానుతుంది.