వైరింగ్‌లో ఒదిగిన డయోడు

పాత మోటార్‌సైకిల్‌కు ఫిలమెంట్ బల్బులు తీసేసి నాలుగు వైపులా ఎల్ఈడీ ఇండికేటర్లు బిగిస్తే, చాలా బళ్లలో ఓ వింత కనిపిస్తుంది. ఎడమకు స్విచ్ తిప్పితే ఎడమవే కాదు, కుడివీ కొట్టుకుంటాయి. కుడికి తిప్పినా అంతే. స్విచ్ పాడైందని ఒకరంటారు, వైర్లు కలిశాయని ఇంకొకరంటారు. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ మాత్రం నేరుగా మీటరు విప్పి, అక్కడ రెండు డయోడ్లు వేసి పంపిస్తాడు. ఆ రెండింటి ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు. వాటిని వైరింగ్ మధ్యలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా కూర్చోబెట్టడమే అసలు పని. అది చేతకావడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది.

ముందు ఆ వింత సంగతి. పాత బళ్లలో ఇండికేటర్ గుర్తు చూపడానికి మీటర్లో ఒకే చిన్న బల్బు ఉండేది. దాని ఒక కొస ఎడమ లైనుకు, రెండో కొస కుడి లైనుకు కలిపేవారు. దానికంటూ వేరే ఎర్త్ లేదు. ఎడమ లైన్లో కరెంటు వచ్చినప్పుడు అది మీటరు బల్బు గుండా కుడి లైన్లోకి పోయి, అక్కడి పెద్ద బల్బుల ఫిలమెంట్ల గుండా ఎర్త్ చేరుకునేది. ఆ కొద్దిపాటి కరెంటుకు పెద్ద బల్బులు వెలగవు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. ఒక బల్బు, ఒక వైరు మిగిల్చిన చక్కని ఉపాయం అది. ఎల్ఈడీ వచ్చాక ఆ ఉపాయమే ఎదురు తిరిగింది. కొన్ని మిల్లీ ఆంపియర్లు అందినా ఎల్ఈడీ వెలుగుతుంది. అందుకే ఎడమ లైను నుంచి ఒక డయోడు, కుడి లైను నుంచి ఒక డయోడు తెచ్చి మీటరు బల్బు ఒక కొసకు కలిపి, రెండో కొసను ఎర్త్ చేస్తారు. డయోడు కరెంటును ఒక వైపుకే పోనిస్తుంది. వెనక్కి దారి మూసుకుపోతుంది.

డయోడు వాహనాల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది ఇండికేటర్ కోసం కాదు, బ్యాటరీ కోసం. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు పాత డైనమోలు బ్యాటరీని సరిగా ఛార్జ్ చేయలేకపోయేవి. ఆల్టర్నేటర్ చేయగలదు, కానీ అది ఇచ్చేది ఏసీ. దాన్ని డీసీగా మార్చే సాధనం చవకగా, చిన్నదిగా, ఇంజిను వేడికి తట్టుకునేదిగా ఉండాలి. సిలికాన్ డయోడ్లు ఆ లోటు తీర్చాయి. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారుకు డయోడ్లున్న ఆల్టర్నేటర్‌ను ఇచ్చింది. అక్కడి నుంచి కొన్నేళ్లలోనే డైనమోల కాలం ముగిసింది.

డయోడు చేరిన మరో చోటు రిలే; దాని కథ అంతకంటే పాతది. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలోనే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే ఈ ఏర్పాటును చూపించాడు. బండిలో హారన్, హెడ్‌లైట్, ఫ్యాను వంటి ఎక్కువ కరెంటు లాగేవి చాలావరకు దాని మీదే ఆధారపడ్డాయి. జర్మన్ ప్రమాణం డిన్ 72552 ప్రకారం రిలే కాళ్ల మీద వేసిన 30, 85, 86, 87 అంకెలు ఇవాళ మన ఊళ్ల స్పేర్ పార్ట్స్ షాపుల్లోనూ అందరికీ తెలిసినవే. 30 బ్యాటరీకి, 87 బల్బుకు, 85, 86 కాయిల్‌కు.

రిలేలో ఒక దోషం దాగి ఉంది. కాయిల్‌కు కరెంటు ఆపిన క్షణంలో దానిలోని అయస్కాంత శక్తి ఒక్కసారిగా పోవాల్సి వచ్చి, ఎదురు వోల్టేజీ ఎగిసిపడుతుంది. 12 వోల్టుల కాయిల్ నుంచి వందల వోల్టులు లేవొచ్చు. బండిలో ఉన్నవన్నీ స్విచ్‌లూ బల్బులే అయిన రోజుల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. స్విచ్ దగ్గర చిన్న నిప్పురవ్వ వచ్చేది, అంతే. ఆ స్విచ్ స్థానంలో ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ దెబ్బ దానికి తగిలేది. మందు మళ్లీ డయోడే: కాయిల్ రెండు కొసల మధ్య అడ్డంగా, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా వేస్తే ఎగిసిన శక్తి కాయిల్లోనే తిరిగి చల్లారుతుంది. తర్వాత తర్వాత డయోడును రిలే డబ్బా లోపలే పెట్టి అమ్మడం మొదలైంది. అలాంటి రిలేకు 86నే ప్లస్ చేయాలి. తారుమారు చేస్తే డయోడు షార్ట్ అయి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పోగొట్టుకున్న రిలేలు ఎన్నో.

విడి భాగం దొరికింది సరే, దాన్ని వైరుకు ఎలా కలపాలి? మెలిపెట్టి టేపు చుట్టడం అందరికీ తెలిసిన దారి. మన దగ్గర ఆ దారి ఎక్కువ కాలం నిలవదు. అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన బండి ట్యాంకు కింద, సీటు కింద సెగ అంతకంటే ఎక్కువ. టేపు జిగురు కరిగి జారుతుంది, ఎర్రమట్టి దుమ్ము దానికి అంటుకుంటుంది, కొస లేచిపోతుంది. వేరుశనగ చేల గట్ల మీద తిరిగే ట్రాక్టర్‌కు దానికి తోడు కుదుపు. సోల్డర్ చేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. కానీ కరిగిన సీసం పోగుల్లోకి పాకి వైరును కొంతమేర కడ్డీలా బిగదీస్తుంది. ఆ కడ్డీ ముగిసే చోట, కుదుపుకు ఊగి ఊగి, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అందువల్ల సోల్డర్ చేసిన చోటుకు రెండు వైపులా వైరు ఊగకుండా పట్టు కావాలి.

దీనికి ఒక జవాబు యుద్ధకాలపు విమానాల నుంచి వచ్చింది. 1941లో అంకస్ విటేకర్ స్థాపించిన ఎయిర్‌క్రాఫ్ట్ మెరైన్ ప్రొడక్ట్స్ సంస్థ సోల్డర్ అవసరం లేని, నొక్కి బిగించే టెర్మినళ్లు తయారు చేసింది. మనవాళ్లు లగ్గు కొట్టడం అనేది ఈ పద్ధతినే. సరైన ప్లయరుతో సరైన ఒత్తిడిలో నొక్కితే రాగి పోగులూ లగ్గూ మధ్య గాలి చొరబడే సందు కూడా మిగలదు. గాలి లేనిచోట తుప్పు లేదు. సుత్తితో కొట్టినా, పళ్లతో కొరికి నొక్కినా ఆ ఫలితం రాదు.

రెండో జవాబు నాకు మరీ ఇష్టమైంది. 1952లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ చార్ల్స్‌బీ అనే శాస్త్రవేత్త అణు రియాక్టర్‌లోని రేడియేషన్‌కు పాలిథీన్‌ను గురిచేసి, దాని అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయని చూపించాడు. అలా ముడిపడిన ప్లాస్టిక్‌ను వేడి మీద సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లబరిస్తే అలాగే ఉండిపోతుంది. మళ్లీ వేడి తగిలితే పాత కొలతకు వచ్చేస్తుంది, చిన్నప్పుడు నేర్చిన యాసలోకి ఊరు చేరగానే మాట మళ్లినట్టు. 1957లో కాలిఫోర్నియాలో పాల్ కుక్ స్థాపించిన రేకెమ్ సంస్థ దీన్ని వ్యాపారంగా మలిచింది. మన షాపుల్లో స్లీవ్ అని మీటర్ల లెక్కన కోసి ఇచ్చే హీట్ ష్రింక్ గొట్టం ఆ దారిలో పుట్టిందే. లోపల జిగురు పూసిన రకమైతే వేడికి ఆ జిగురు కరిగి సందులన్నీ పూడుస్తుంది. డయోడును లోపల పెట్టి దీన్ని బిగిస్తే వైరు కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తుందే తప్ప అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

అన్ని భాగాలకూ ఈ దాగుడు పనికిరాదు. ఎల్ఈడీలు వేశాక, ఇండికేటర్లను కొట్టించే పాత ఫ్లాషర్ అసలు కొట్టుకోదు, లేదా బల్బు పోయిందనుకుని రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. కార్లలో వాడే 21 వాట్ల బల్బు 12 వోల్టులకు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్ఈడీ అందులో చాలా చిన్న వంతు. ఆ లోటు పూడ్చడానికి 6 ఓముల రెసిస్టర్ వేస్తే, వెలిగినంతసేపూ అది 24 వాట్ల వేడిని కక్కుతుంది. దాన్ని వైర్ల కట్టలో దాచి టేపు చుట్టడం ప్రమాదం. ఇనుప బాడీకి బోల్టు వేసి బిగించాలి. నిజానికి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చడమే మేలైన పని: కరెంటూ మిగులుతుంది, కాలే భయమూ ఉండదు.

ఇంతవరకూ పాత బళ్ల మాట, ఇక కొత్త కార్లు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. మొదట్లో ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఈ కర్మాగారం కరువు నేల మీద, అప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో నిలబడింది. అక్కడి నుంచి బయటికొచ్చే కార్లలో వైరింగ్ స్వభావమే వేరు. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతిలో, మెలిపెట్టిన రెండు వైర్ల మీద కంట్రోల్ యూనిట్లన్నీ మాట్లాడుకుంటాయి. ఆ రెండు వైర్ల మధ్య, లైను ఒక్కో కొసన ఒక్కో 120 ఓముల రెసిస్టర్ ఉంటుంది. అవి లేకపోతే సంకేతం కొసకు తగిలి వెనక్కి ప్రతిధ్వనించి, మాటలు కలగాపులగం అవుతాయి. అంత పెద్ద కారు సవ్యంగా నడవడానికి అంత చిన్న భాగాలు అక్కడ ఉండాల్సిందే.

ఇలాంటి కారులో వైరు కోసి మధ్యలో ఏదో అతకడం పాత అలవాటుగా చేయకూడని పని. ఎల్ఈడీ వేస్తే కంట్రోల్ యూనిట్ కరెంటు తగ్గుదలను గమనించి బల్బు పోయిందని చెప్పవచ్చు. ఏ వైరు దేనికో తెలియకుండా గిల్లితే సంబంధం లేని హెచ్చరికలూ వెలగవచ్చు. అందుకని మంచి పనివాళ్లు కంపెనీ కప్లర్‌నే వాడుకుంటారు. ఒక కొసన మగ కప్లర్, మరో కొసన ఆడ కప్లర్ ఉన్న చిన్న వైరు ముక్క తయారు చేసి, డయోడో రెసిస్టరో ఫ్యూజో అందులో పెట్టి, అసలు జత మధ్యలో ఇమిడిస్తారు. స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికే హెడ్‌లైట్ రిలే కిట్టు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఒక వైపు బల్బు కప్లర్, ఇంకో వైపు పాత వైరింగ్‌లో కూర్చునే మొన, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు. తేడా వస్తే దాన్ని ఊడదీసి పాత జతను మళ్లీ కలిపి చూస్తే, తప్పు కొత్త ముక్కలో ఉందో బండిలో ఉందో అక్కడికక్కడే తేలిపోతుంది.