సీసా అడుగున తేదీ



పాత గోడ పడగొట్టినప్పుడో, బావిలో పూడిక తీసినప్పుడో మట్టిలోంచి గాజు సీసాలు బయటపడటం మీరు చూసే ఉంటారు. గోలీ సోడా సీసా అయితే పిల్లలు పగలగొట్టి గోలీ తీసుకుంటారు. మిగతావి పాత సామాన్ల బండికి పోతాయి. "ఇది దొరల కాలం నాటిదండీ" అంటూ ధర పెంచి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే సీసాను తలకిందులు చేసి చూడాలి.

గోలీ సోడా సీసాకు ఇంగ్లండులో 1872లో పేటెంటు పొందినవాడు హైరమ్ కాడ్. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు చుట్టకు బిగించేస్తుంది. ఆయన 1877లో బార్న్‌స్లీ ఊరి గాజు వ్యాపారి బెన్ రైలాండ్స్‌తో కలిశాడు. 1881లో బెన్ పోయాక ఆయన కొడుకు డాన్ వచ్చాడు. 1884లో ఆ పొత్తు విడిపోయింది. కనుక రైలాండ్స్, కాడ్ అని రెండు పేర్లూ జంటగా ఉన్న సీసా ఆ ఏడేళ్లలోదే అనుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: సీసా మీద పేటెంటు సంవత్సరం కనిపిస్తే అదే సీసా పుట్టిన ఏడని పొరబడకండి. పేటెంటు ఒకనాటిది, అచ్చు పోసింది మరొకనాడు.

అడుగు గుర్తు ఎంత వివరంగా మాట్లాడుతుందో చూడాలంటే అమెరికా సీసాను పట్టుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దేశపు సైనికులు మన దేశంలో ఉన్నారు కాబట్టి అలాంటిది ఇక్కడ దొరికినా వింత లేదు. 1929లో ఓవెన్స్, ఇల్లినాయ్ అనే రెండు గాజు కంపెనీలు కలిసి ఓవెన్స్-ఇల్లినాయ్ అయింది. వారి గుర్తు డైమండ్ ఆకారం, దాని మీద 'ఓ' అక్షరం, మధ్యలో 'ఐ'. గుర్తుకు ఎడమ పక్క అంకె ఫ్యాక్టరీది, కుడి పక్క అంకె సంవత్సరానిది. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. మొదట్లో సంవత్సరపు చివరి అంకె ఒక్కటే వేసేవారు. 4 అని ఉంటే అది 1934 కావచ్చు, 1944 కావచ్చు. పక్కనే గొలుసుకట్టు రాతలో 'డ్యూరాగ్లాస్' అనే మాట ఉందేమో చూడండి. ఆ మాట 1940లో మొదలైంది కాబట్టి, ఉంటే 1934 కాదన్నమాట. 1950ల నడుమ డైమండ్ పోయి, 'ఓ'లో 'ఐ' మాత్రమే మిగిలింది.

ఇంతా చదివాక తేలేది సీసా పుట్టిన కాలమే. అది ఎంతకాలం బతికిందో అడుగు చెప్పదు. గోలీ సోడా సీసాను కడిగి, నింపి, మళ్లీ అంగడికి పంపడం అలవాటు. ఒక్క సీసా ఎన్ని వేసవులు చూసిందో ఎవరు లెక్కపెట్టారు? అమెరికాలో మద్యం సీసాల సంగతి వేరు. అక్కడ 1935 నుంచి 1964 దాకా, ఈ సీసాను తిరిగి అమ్మరాదు, వాడరాదు అనే చట్టపు హెచ్చరికను గాజులోనే పోసేవారు. అలాంటి సీసా పుట్టిన ఏడుకీ పారేసిన ఏడుకీ మధ్య దూరం తక్కువే.

ఇళ్ల వయసు మీద వాదాలు మీకు తెలియనివి కావు. కదలని పునాది రాళ్ల కింద 1944 సీసా దొరికితే ఆ గోడ 1944 కంటే పాతది కాదు. అయితే అది 1944లోనే కట్టారని కూడా కాదు, 1960లోనైనా కట్టి ఉండవచ్చు. అదే సీసా పెరట్లో, తవ్వి పూడ్చిన గుంటలో దొరికితే గోడ గురించి ఏమీ రుజువు కాదు.

అందుకే సీసా కనబడగానే పైకి లాగేయకండి. ఎంత లోతున, ఏ రాయి పక్కన ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. తర్వాత మంచినీళ్లతో కడగండి. ఇనుప ముక్కతో గీకితే గాజు మీద గీతలు పడతాయి. అక్షరాలు అరిగిపోయి ఉంటే పల్చని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి, ఉబ్బెత్తు గుర్తు కాగితం మీదికి వస్తుంది. పగిలిన సీసా అయినా సరే, అడుగు ముక్క ఉంటే పారేయకండి.