సిక్కుమతమున వీరగాథయు, సంకీర్తనమును, సేవయు

వీరరసమునకు శాంతము విరోధి యని సాహిత్యదర్పణకారుని మతము. సిక్కుల చరిత్రమును వ్రాసినవారిలోఁ గొందఱు నిట్టి విరోధమునే యూహించి, నానకు బోధించినది శాంతభక్తి యనియు, ఆఱవ గురువగు హరగోవిందుఁడు ఖడ్గము ధరించుటతో నా మతము త్రోవ మార్చుకొనెననియుఁ దలంచిరి. ఈ తలంపు యుక్తమగునో కాదో తెలియుటకు యుద్ధవృత్తాంతములకంటె సంగీతము మేలైన సాక్ష్యము.

అయిదవ గురువగు అర్జునదేవుఁడు 1604లో సంతరించిన ఆదిగ్రంథము ప్రధానముగా రాగక్రమమునఁ గూర్పఁబడినది. అందు 'వార' యను రచనలు 22 కలవు. వార యనఁగాఁ బంజాబుదేశమున ఢాఢీలను గాయకులు పాడు వీరగాథ. తెలుఁగునాటఁ బల్నాటివీరుల కథవలె నదియు జనులయెదుటఁ బాడఁబడునది. ఆ 22 వారలలోఁ 9 టి శీర్షికలయందు, ఫలానా వీరుని గాథయొక్క ధునిలోఁ బాడవలయునను సూచన కలదు. ఆసారాగపు వారకుఁ జెప్పిన ధుని తుండా అసరాజు గాథది.

ఈ సూచనలను హరగోవిందుఁడే చేర్పించెనని యొక సంప్రదాయము. అట్లే యైనను, ఆసా, మాఝ, మలార రాగములలోని మూఁడు వారలు నానకు రచితములే. కావున వీరగాథారూపమును భక్తికి వినియోగించినవాఁడు తొలిగురువే యని తేలుచున్నది.

1606లో అర్జునదేవుఁడు లాహోరున మొగలు ప్రభుత్వముచేఁ బ్రాణములు గోల్పోయెను. పిమ్మట హరగోవిందుఁడు లౌకికాధికారమునకు మీరీ, ఆధ్యాత్మికాధికారమునకుఁ బీరీ యను రెండు ఖడ్గములు ధరించెను. అబ్దుల్లా, నత్థామల్లు అను ఢాఢీలు ఆతని కొలువున వారలు పాడిరని ప్రసిద్ధి. ఇచటఁ గ్రొత్తది యాయుధమే కాని భావము కాదు.

ఆ యాయుధమునకు హద్దు నేర్పినది సేవ. పదవ గురువగు గోవిందసింహుని కాలమున ఆనందపుర యుద్ధములలో భాయీ కన్హయ్య స్వపరభేదము లేక క్షతగాత్రులకు నీరిచ్చెననియు, శత్రువులకు నీరిచ్చుచున్నాఁడని కొందఱు కొండెము చెప్పఁగా, గురువు వానిని మెచ్చి గాయములకు మందునుగూడ నొసఁగెననియు సిక్కుల యైతిహ్యము. సేవాపంథులు వానినే తమ మూలపురుషునిగాఁ దలంతురు.

దానధర్మయుద్ధదయాభేదములచే వీరము చతుర్విధమని చెప్పినవాఁడును సాహిత్యదర్పణకారుఁడే. కన్హయ్యయందుఁ గానవచ్చునది దయావీరము. యుద్ధవీరమును మాత్రమే వీరమని యెంచువారికి నానకునకును గోవిందసింహునకును విరోధము తోఁచును. నాలుగింటి నెఱిఁగినవారికిఁ దోఁపదు. 1708లో గోవిందసింహుఁడు దేహము చాలించిన గోదావరీతీరపు నాందేడులో నేఁటికిని కీర్తనము, అన్నసత్రము, ఆయుధపూజ యొక్క గురుద్వారముననే సాగుచున్నవి.