జోడీ

ఆ బొగ్గు పెళ్ళ కొంచెం ఇటు జరుపు బిడ్డా. పూసమాసం చలి, ముసలి బొక్కలల్ల దిగుతాంది. ఆ, ఇగ చెప్పు. పట్నంల ఆఫీసుల చేరి మూడు నెలలాయె, ఒక్కలతోని గూడ కలుస్తలేవట, ఒక్కనివే కూసోని తింటున్నవట. మీ అమ్మ మొత్తుకుంటాంది. నేనైతె నిన్ను ఏమనను. ఆ మూగనోము నీకు నా దిక్కు నుంచే వచ్చింది.

నేను బొగ్గుబాయిల చేరింది 1978ల. బదిలీ ఫిల్లర్‌. బదిలీ అంటె సొంత జాగ ఉండది. పొద్దుగాల మస్టర్ కాడ, అంటె హాజరేసే కాడ, నిలబడాలె. ఆ దినం ఎవలు నాగా పెడితె వాళ్ల జాగల పోవాలె. ఏడాదికి 190 మస్టర్లు నిండితెనే పర్మినెంటు ఆశ. అంటె దినానికొక కొత్త మనిషి పక్కన. నాకు బొగ్గు బరువు ఒక లెక్క కాదు. దిగంగనే ఆ కొత్తాయన "ఏ ఊరు తమ్మీ?" అంటడు సూడు, అప్పుడు గుండె దడదడ కొట్టుకునేది. ఊరి పేరు చెప్పేటాళ్లకు టబ్బు సగం నిండేది.

షిఫ్టు ఇడిసినంక అందరు కల్లు కాంపౌండుకు పోయేది. నేను గూడ ఒక్కసారి పోయిన. ఒకలు సిన్మా ముచ్చట, ఒకలు యూనియన్ ముచ్చట. నేనొక మాట కూడబెట్టుకునేసరికి ఆ ముచ్చట ఒడిసి ఇంకోటి మొదలయ్యేది. సీసా సగం ఇడిసిపెట్టి వచ్చిన. మళ్ల పోలే.

గట్ల ఉండంగ ఒకనాడు నన్నొక పెద్దాయనకు జోడీ ఏసిండ్రు. ఆయన గూడ ఎక్కువ మాట్లాడెటోడు కాదు. "దా" అన్నడు, దిగినం. మా పని పేరే తట్టా చెమ్మస్. ఒకలు చెమ్మస్, అంటె పారతోని తట్ట నింపాలె, ఒకలు ఎత్తుకపోయి టబ్బుల పొయ్యాలె. ఒక్క టబ్బుకు దగ్గరదగ్గర టన్ను బొగ్గు. ఇల్లందుల 1889ల బాయి మొదలైంది గదా, అప్పటి నుంచి ఎన్ని తరాలు ఇట్ల తట్టలు మోసినయో. చెమ్మస్ సప్పుడు ఆగిందంటె తట్ట నిండినట్టు. ఎవలనూ అడిగే పనే లేదు.

బొగ్గు పేల్చే షాట్ పేలినంక సర్దార్ రూఫు సూసి పొమ్మంటెనే లోపటికి పోవాలె. సర్దార్ సూసినా సరే, ఆయన తన తృప్తికి మళ్లొకసారి సూసెటోడు. ఒక చేతి ఏళ్లు రూఫుకు ఆనిచ్చి, ఇంకో చేత్తోని కట్టె పట్టి కొడతడు. గట్టి బండ ఖంగుమంటది. లోపట ఇడిసిన బండైతె సప్పుడు మందంగ వస్తది, ఏళ్లకు వణుకు తెలుస్తది. ఆనాడు నా చెయ్యి గూడ పట్టుకపోయి రూఫుకు ఆనిచ్చిండు. లైటు ఎలుగుల దుమ్ము ఆడుతాంది. కొట్టిండు. ఇంకో జానెడు జరిగి కొట్టిండు.

"ఏమినవడ్డది?"

"డొల్ల."

నేను ఆయనతోని మాట్లాడిన మొదటి మాట అదే బిడ్డా. ఆయన తలూపి సర్దార్‌ను పిలిసిండు. కట్టె దిమ్మెలు నిలబెట్టినంకనే పని మొదలువెట్టినం. దిమ్మె గూడ ఊకె ఉండది. మీద బరువు పడితె కిర్రుమని ముందుగాల్నె చెప్తది. అది ఇనాల్నంటె పక్కోడు ఊకె వాగొద్దు. షిఫ్టు ఒడిసినంక మస్టర్ కాడ ఆయన "రేపు గూడ ఈ పోరన్నే ఇయ్యుండ్రి, ఈనికి చెవులున్నయి" అన్నడు. ఊర్లె అందరు నన్ను నోరు లేనోడు అనెటోళ్లు. చెవులున్నోడు అన్నది ఆయనొక్కడే.

అటెన్క సద్ది మూటలు ఒక్కకాడ ఇప్పినం. ఆయనది జొన్నరొట్టె, నాది గటక. ఒకసారి రెండు దినాలు ఆయన రాలే. తట్టకు తాడు కట్టియ్యాల్నని సాకు పెట్టుకోని వాళ్లింటికి పోయిన. ఆయనకు జెరం. నేనే తాడు కట్టుకుంట కూసున్న. వాళ్లింటామె చాయ్ ఇచ్చింది. ఆ దసరకు జమ్మి పట్టుకోని ఆయనే ఎదురొచ్చి అలాయ్ బలాయ్ తీసుకున్నడు. అప్పుడు నేను ఏం మాట్లాడలే. ఏం మాట్లాడాలె?

తర్వాత బొగ్గు ఎత్తే మిషన్లు వచ్చినయి. తట్టలు మూలకు పడ్డయి, జోడీలు చెదిరిపోయినయి.

అందుకే నేను నీకు "పోయి నలుగురితోని ముచ్చట పెట్టు" అని చెప్ప. మన నోటికి అది రాదు. మీ ఆఫీసుల ఎవలన్న కంప్యూటర్ ముంగట తల పట్టుకోని కూసుంటె, పక్కన నిలబడి "ఏడ ఆగింది?" అని అడుగు. ఆ మాటకు నోరు దానంతటదే లేస్తది.

ఆగు, నా ఫోన్ మోగుతాంది. మా జోడీ ఆయనే, పొద్దుగూకంగనే దినాం చేస్తడు. ఇను.

"ఆ... మస్టర్ పడ్డది. నీది?"

పెట్టేసిండు. గంతే బిడ్డా, గంతే మాట్లాడుకుంటం.