పాత ఫ్లాష్‌కి వినపడని పిలుపు

ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో కానన్ 580ఈఎక్స్ ఫ్లాష్ కొన్నా. ఎస్‌టీ-ఈ3-ఆర్‌టీ ట్రిగ్గర్‌తో వెలగట్లేదు. పాడైపోయిందా?" పాడవలేదు తమ్ముడూ. సంగతి తెలియాలంటే 1998కి వెళ్ళాలి.

ఆ ఏడాది కానన్ 550ఈఎక్స్ తెచ్చింది. కెమెరా మీదున్న ఫ్లాష్, దూరంగా పెట్టిన ఫ్లాష్‌తో వెలుతురుతోనే మాట్లాడేది. ఫొటోకి ముందు క్షణంలో చిన్న చిన్న మెరుపులు. "ఇంత పవర్‌తో వెలుగు" అన్న ఆర్డర్ వాటిలోనే ఉండేది. గదిలో అయితే గోడలకి తగిలి అయినా చేరేది. ఎండలో ఆ మెరుపు ఆనదు. పెళ్ళిలో ఎవరో బాబాయిగారు ఫ్లాష్‌కి అడ్డంగా నిలబడ్డారనుకోండి, అంతే సంగతులు! తలంబ్రాలకి రీటేక్ ఉండదు కదా.

2012లో 600ఈఎక్స్-ఆర్‌టీ వచ్చింది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో మాట్లాడుతుంది, మీ ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ వాడే బ్యాండే. 30 మీటర్ల దాకా అందుతుంది, మనిషి అడ్డొచ్చినా ఫర్వాలేదు. కానీ పాత ఫ్లాష్‌లో రేడియో రిసీవరే లేదు. అప్‌డేట్ కొడితే వచ్చేది కాదిది.

600లో మాత్రం పాత భాష కూడా ఉంచారు. ఆప్టికల్‌కి మారిస్తే పాత ఫ్లాష్‌లు పలుకుతాయి. రెండు భాషలూ ఒకేసారి మాట్లాడమంటే మాత్రం కుదరదు. దాంతోపాటే వచ్చిన ఎస్‌టీ-ఈ3-ఆర్‌టీలో వెలుతురు పంపే భాగమే లేదు, ఒట్టి రేడియో. నాకైతే ఇది అస్సలు నచ్చలేదు.

తమ్ముడూ, పాత ఎస్‌టీ-ఈ2 ఒకటి వెతుక్కో. అది వెలుతురుతో పిలుస్తుంది. నీ 580 పలుకుతుంది. రేపు 600 కొన్నా, ఆప్టికల్ స్లేవ్‌గా పెడితే అదీ పలుకుతుంది.